తప్పకుండానండి

కస్టమర్ కేర్‌లో చేరిన మొదటి రోజే ఆమెకు గట్టిగా నేర్పిన సంగతి ఒకటుంది. ‘కుదరదు’ అనకూడదు. అవతలివాడు బూతులు తిట్టినా ‘తప్పకుండానండి’ అనాలి. జీతమిచ్చి మరీ నోరు కుట్టేశారు. ఆ కుట్టుతోనే ఆమె ఇంటికీ బజారుకీ తిరుగుతోంది.

డేటింగ్ యాప్‌లో పరిచయమైనవాడు కాఫీకి పిలిచాడు. ఫోటోగ్రాఫర్‌నన్నాడు. మాట మెత్తన.

“ఏమే పిల్లా, ఎక్కడికా సింగారం?” వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“కాఫీకి.”

“ఎవరితో?”

“నీకెందుకు వదినా!”

“రేపు పోలీసులొచ్చి అడిగేది నన్నే కదా, అందుకు. మగాళ్లంతా మీ అన్నయ్యలా మొద్దబ్బాయిలనుకున్నావా? లొకేషన్ పెట్టు. ఫోను ఆఫ్ చేశావో, చెప్పు తీసుకుని అక్కడికే వస్తా.”

నవ్వుతూనే పెట్టింది.

కప్పులో కాఫీ ఇంకా పొగలు కక్కుతుండగానే అతను లేచాడు. “ఇక్కడంతా గోల. కింద కారుంది, అలా తిరిగొద్దాం.”

“తప్పకుండానండి, కాకపోతే...”

ఆ ‘కాకపోతే’ అతను వినిపించుకోలేదు. అలాంటివాళ్లు వినిపించుకోరు. మెట్లు దిగుతుంటే సరదాకన్నట్టు ఆమె చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. “నాతో ఉన్నప్పుడు ఇదెందుకు?” తెర నల్లబడింది. భయమేస్తున్నా ఆమె నవ్వింది. ఉద్యోగం చేసిన ఘనకార్యం అది.

సెల్లార్‌లో మనిషి జాడ లేదు. కారు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. “ముందు సీటు నిండా సామాను. వెనక కూర్చో.”

అద్దంలోంచి చూసింది. ముందు సీటు ఖాళీ.

“రాను.”

“ఏంటీ?”

“రానన్నాను! ఫోనివ్వు నాది!”

సెల్లారంతా మోగింది. పైనుంచి పార్కింగ్ టికెట్లిచ్చే మనిషి “ఎవరమ్మా అక్కడ?” అని కేకేశాడు.

అతను ఫోను తిరిగిచ్చేశాడు. మొహంలో కోపం కూడా లేదు. “మీ ఆఫీసులో ఈ మాట నేర్పరు కదా?” అన్నాడు.

ఎక్కడ పనిచేస్తుందో ఆమె అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

పరుగెత్తి పైకొచ్చింది. ఆ సాయంత్రం వదిన ఆమెను వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదిచ్చింది. యాప్‌లో అతని ఖాతా అప్పటికే మాయం.

మర్నాడు హెడ్‌సెట్ తగిలించుకుని, పద్ధతి ప్రకారం ముందు తన పేరు చెప్పింది.

“ఫిర్యాదు చేయాలండి.” అదే మెత్తని గొంతు. “నిన్న ఒకావిడ నన్ను మధ్యలో వదిలేసి వెళ్లిపోయింది.”

అప్పుడర్థమైంది. వాడు ఇంతకుముందే ఇక్కడికి ఫోన్ చేశాడు; ప్రతి కాల్‌లో చెప్పే ఆ పేరు పట్టుకునే యాప్‌లో తనను వెతికాడు. కాదనడం రాని ఆడవాళ్లు వరసగా కూర్చునే చోటు వాడికి దొరికింది.

కాల్ తమంతట తాము కట్ చేస్తే ఉద్యోగం ఊడుతుంది. కట్ చేసింది.

పక్క సీటు లైను వెలిగింది. అక్కడి పిల్ల తన పేరు చెప్పి, తెచ్చిపెట్టుకున్న నవ్వుతో “చెప్పండి సర్” అంది. కాసేపు విని, “తప్పకుండానండి” అంది.

ఆమె వంగి ఆ వైరు పీకేసింది.

సూపర్‌వైజర్ గాజుగదిలోంచి దూసుకొచ్చాడు. అతను నోరు తెరిచేలోగా వరస చివర మరో ఫోను మోగింది.