రెండు రాష్ట్రాల పలక

నేను ఒక తెరను. గొల్లవంచ ఫైరింజన్‌లో డ్రైవర్ సీటు పక్కన, ఇనుప చట్రంలో బిగించిన తెరను. నేను వచ్చిన డబ్బా మీద ఇంగ్లిషులో పొడుగాటి పేరు ఉండేది గాని స్టేషన్‌లో ఎవరూ దాన్ని చివరిదాకా చదవలేదు. డ్రైవర్ సత్తార్ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పలకను ఏడ బిగియ్యాలె సార్?" అన్నాడు. ఆ రోజు నుంచి నేను పలకనే.

ఫ్యాక్టరీలో నన్ను ఎత్తు మీద నుంచి కింద పడేశారు. నీళ్లలో ముంచారు. పొయ్యి లాంటి గదిలో పెట్టి తలుపు వేశారు. ఇంత కక్ష ఎందుకో అప్పట్లో అర్థం కాలేదు. పచ్చడి అంటిన వేళ్లతో నొక్కి, ఆనక మసిగుడ్డతో తుడిచే మనుషుల మధ్యకు వచ్చాక, ఆ పరీక్షలు ఇంకొన్ని పెట్టి ఉంటే బాగుండేదనిపించింది.

గొల్లవంచ తెలంగాణలో ఉంది. ఊరు దాటి వాగు మీది వంతెన దిగితే ఆంధ్ర. అక్కడ మల్లవరంలో ఇంకో ఫైర్ స్టేషన్. నేను రాకముందు ఈ రెండు బండ్ల వైర్‌లెస్ సెట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావు. వంతెన పక్కన మంట లేస్తే, కబురు ఇక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి పైకి, అక్కడి నుంచి పక్క రాష్ట్రానికి వెళ్లి, మళ్లీ మెట్లు దిగి అవతలి ఒడ్డుకు చేరేది. ఒకే గోడకు అటూ ఇటూ రెండు వంటిళ్లున్నా, చిటికెడు ఉప్పు కోసం వీధంతా చుట్టి వెళ్లినట్టు.

అందుకని సరిహద్దు మండలాల్లో ప్రయోగంగా ఒక ఉమ్మడి నెట్‌వర్క్ పెట్టారు. రెండు రాష్ట్రాల ఫైరింజన్లు, అంబులెన్సులు, పోలీసు జీపులు ఒకే మ్యాపు మీద కనిపిస్తాయి. జనమంతా ఒక్కసారిగా ఫోన్లు చేసి టవర్లు మొరాయించినా మా దారి మాకు విడిగా ఉంటుంది. ఏ గోదాముకు ఎన్ని తలుపులున్నాయో చూపించే నక్షాలు కూడా నాలో వేశారు.

మా బండికి పెద్ద, లీడింగ్ ఫైర్‌మన్ కొండల్‌రావు. మంచి మనిషి. ఎవరేమడిగినా కాదనలేకపోవడమే అతని జబ్బు. నాయకుడి సభ జరిగితే మైదానంలో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లించాలి. పెద్దింటి పెళ్లయితే పందిరి ముందు చల్లించాలి. అన్నాళ్లూ అది ఎవరికీ కనిపించేది కాదు. నేను వచ్చాక కనిపించడం మొదలైంది.

మొదటిసారి అతను చేసిన పని నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. బండిని ఫంక్షన్ హాలు ముందు ఆపించి, నా మీద తువాలు కప్పాడు. కాసేపటికి నాలో నుంచి మల్లవరం డ్రైవర్ ఏసుపాదం గొంతు వినిపించింది.

"ఏం కొండల్రావన్నా, ఫంక్షన్ హాలు కాడ ఆగిపోయారేంటి? గుత్తొంకాయ మిగిల్తే మాకూ కాస్త పంపించండి మరి!"

సత్తార్ బిత్తరపోయాడు. "తువాల కప్పితిమి గద సార్!"

"మనకు కనబడకుంట కప్పినం. వాళ్లకు కాదు" అన్నాడు కొండల్‌రావు, తువాలు తీసి ముఖం తుడుచుకుంటూ.

ఆ తరువాత అతను నన్ను శ్రద్ధగా చదివాడు. బండి మరమ్మతుకు వెళ్లినప్పుడు నొక్కాల్సిన బటన్ ఒకటి దొరికింది. అది నొక్కితే మా బండి షెడ్డులో ఉన్నట్టు అందరికీ కనిపిస్తుంది. మేం వినగలం గాని మాట్లాడలేం, నక్షాలూ తెరుచుకోవు. మనుషులు ఏ వస్తువునైనా వాడటం కన్నా ఆపడం ముందు నేర్చుకుంటారెందుకో!

ఎండలు ముదురుతున్న రోజుల్లో, వంతెనకు ఇవతల ఒక కాంట్రాక్టరు ఇంట్లో పెళ్లి. మేం షెడ్డులో ఉన్నట్టే లెక్క. సగం ట్యాంకు పందిరి ముందు చల్లేశాక కొండల్‌రావు విస్తరి ముందు కూర్చున్నాడు. అప్పుడు నేను మోగాను. సత్తార్ కేకకు అతను ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు.

వంతెనకు అవతల మిర్చి గోదాములో మంట. తొడిమలు తీసే కూలీలందరూ బయటపడ్డారు, దీనమ్మ అనే ఆమె తప్ప. ఖాళీ గోతాలు తేవడానికి వెనక గదిలోకి వెళ్లిందట. ఏసుపాదం గొంతులో ఈసారి వేళాకోళం లేదు.

"నేను గడ్డివాము మంట కాడ ఉన్నాను, చాలా దూరం. ఎంత తొక్కినా ఆలస్యమైపోద్ది. గొల్లవంచ బండేమో షెడ్డులో ఉందంటోంది. దగ్గరలో ఇంకెవరన్నా ఉన్నారా? ఎవరున్నా చెప్పండయ్యా!"

వంతెన మీదుగా మిర్చి ఘాటు అప్పుడే పందిట్లోకి వచ్చింది. వడ్డించేవాళ్లు దగ్గుతున్నారు. కొండల్‌రావు వేలు నా మీదకు వచ్చి ఆగింది. బటన్ తీస్తే మేం ఎక్కడున్నామో రెండు రాష్ట్రాల అధికారులకూ తెలిసిపోతుంది. పైగా రాష్ట్రాల మధ్య గీత దాటమని ఎవరూ ఆర్డరివ్వలేదు.

"ఒత్తకుంటనే పోదమా సార్?" అన్నాడు సత్తార్, ఇంజన్ స్టార్ట్ చేసి.

"నీళ్లు సగమే ఉన్నయ్‌రా. మనం ఉన్నమని తెల్వకపోతే మన వెనక ఇంకో బండి రాదు. లోపట ఏ తలుపేడుందో మనకు తెల్వది."

వేలు దిగింది. నా మీద పప్పు మరక పడింది. మ్యాపు మీద పెళ్లిపందిట్లో ఒక ఎర్ర బండి పుట్టుకొచ్చింది.

ఏసుపాదం, "వెనక సందులోకి పోనీ అన్నా, షట్టర్ అటేపుంది. మేం వస్తన్నాం" అన్నాడు. అంతే. విందు మాట ఎత్తలేదు.

గోదాము ముందు జనం బిందెలతో నీళ్లు విసురుతున్నారు. కారప్పొగకు ఎవరూ గుమ్మం దగ్గరకు పోలేకపోతున్నారు. సత్తార్ నా నక్షా చూస్తూ వెనక సందులోకి తిప్పాడు. కొండల్‌రావు మాస్కు తగిలించుకుని షట్టర్ కోసి లోపలికి దూరాడు. మా ట్యాంకులో నీళ్లు అయిపోవస్తుండగా దీనమ్మను భుజాన వేసుకుని బయటికొచ్చాడు. ఆమె లోపల నేలకు కరుచుకుని, తాగే నీళ్లతో కొంగు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకుందట. ఊపిరి అందగానే, "నా చెప్పులు లోపలుండిపోయినయ్యయ్యా, కొత్తవి" అంది. అప్పుడే ఏసుపాదం బండి ట్యాంకు మళ్లీ నింపుకుని సందులోకి మలుపు తిరిగింది.

తరువాతి వారం విచారణాధికారి వచ్చాడు. నన్ను ఎదురుగా పెట్టించుకుని, మేం తిరిగిన దారంతా వేలితో గీసి చూశాడు.

"ఎవరు చెప్తే గీత దాటావయ్యా?"

"ఎవరూ చెప్పలే సార్. మంట కనబడ్డది, పోయినం."

"మరి ఆ పెళ్లి?"

కొండల్‌రావు తల దించలేదు. "అది గూడ కనబడ్డది గద సార్."

అధికారి నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగాడు. పెళ్లికి నీళ్లు చల్లినందుకు కొండల్‌రావు ఇంక్రిమెంటు కోసేశారు. గీత దాటినందుకు ఏం చేయాలో రెండు రాష్ట్రాల వాళ్లూ తేల్చుకోలేక వదిలేశారు.

ప్రయోగం గడువు తీరాక కొత్త తెరలు వచ్చాయి. వాటిలో ఆ మరమ్మతు బటన్ లేదని విన్నాను. నా బ్యాటరీ ఉబ్బింది. ఇప్పుడు స్టోరు గదిలో, చిరిగిన నీళ్ల గొట్టాల మీద పడి ఉన్నాను. తీరిక దొరికింది గనుక ఆలోచిస్తుంటాను. ఏ బండి ఏ మలుపులో ఉందో ఒకప్పుడు నన్ను అడిగితే చెప్పేదాన్ని. ఆ వేలు నా మీద ఆగిన కాసేపట్లో కొండల్‌రావు ఎంత దూరం వెళ్లి తిరిగొచ్చాడో మాత్రం నా మ్యాపులో ఎక్కడా లేదు.