కిటికీ లేని కొలిమి

ఆ కిటికీ మూయించింది మీరే. ఇంకొకరి మీదకు తోసెయ్యకండి. రాగిని వెండి చేసి చూపిస్తానని గురువుగారంటే నోరు తెరుచుకుని విన్న దొర, ఆ దొర ఎదుట పళ్ళికిలించిన మీరు, వీధిలో ముక్కు మూసుకుని తప్పుకుపోయిన మీరు, అందరూ కలిసి మూయించారు. పరుసవేది కోసం కొలిమి ముందు ఒళ్ళు కాల్చుకున్న మహానుభావులంటూ తాతలనాటి నుంచీ కథలు చెప్పుకుంటున్నారు. కాలిన ఒళ్ళు ఎవరిదో ఒక్కనాడైనా చూశారా? చూడండి.

తెల్లారింది. తిత్తులమ్మ గుమ్మంలో కూర్చుని పాదాలకు గుడ్డపీలికలు చుట్టుకుంటోంది. వేళ్ళు మాట వినక ముడి జారిపోతోంది. కడుపుతో ఉన్న కోడలు మెల్లగా వంగి, ఆ పీలికలు తను అందుకుంది.

"బిగిసిందా అత్తా?"

"నన్నడుగుతావేంటే? కాలినడుగు."

"కాలేమంటోంది?"

"అది నాతో మాట్లాడ్డం మానేసి చాలా కాలమైంది. నీతో ఏమైనా పలుకుతుందేమో చూడు."

కోడలు నవ్వింది. నవ్వుతూనే ముడి మీద రెండో ముడి వేసింది. అత్త పాదం ఆమె చేతిలో కట్టెముక్కలా ఉంది. అరికాలంతా ఆనెలు కట్టి, పగిలి, ఆ పగుళ్ళలో బొగ్గుపొడి నల్లగా ఇంకిపోయింది. చేతిగోళ్ళ మీద అడ్డంగా తెల్లటి గీతలు. మెడ మీద, భుజాల మీద, దుమ్ములో చినుకులు పడ్డట్టు మచ్చలు. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడివస్తుంది. నోరు విప్పితే వెల్లుల్లి వాసన. వెల్లుల్లి తిన్నది మాత్రం ఎప్పుడో!

ఆమెది ముసలితనం అనుకునేరు. ఇంకా నలభై నిండలేదు.

కొలిమిగదికి ఆనుకుని ఉన్న ఈ ఒంటిగది ఇల్లు దొరది. ఇందులో ఉండాలంటే ఇంట్లో ఒకరు గురువుగారి కొలిమికి గాలి కొట్టే తిత్తులు తొక్కాలి. ముందు మామ తొక్కాడు. దగ్గి దగ్గి పోయాడు. తర్వాత మొగుడు ఎక్కాడు. వాడు దగ్గను కూడా దగ్గలేదు, ఒక సాయంత్రం తాళ్ళు వదిలి పడుకున్నాడు, అంతే. ఆ మర్నాడు ఈమె ఎక్కింది. అప్పటి నుంచి అసలు పేరు పోయి తిత్తులమ్మ అయింది.

నిన్న గురువుగారు విసుక్కున్నాడు. "నీ కాళ్ళు తడబడుతున్నాయి. మంట కుంటుతోంది. రేపు కూడా ఇలాగే అయితే నీ కోడల్ని పంపు."

రాత్రంతా ఆ మాటే నమిలింది తిత్తులమ్మ. తన సంగతి అయిపోయిందని ఆమెకు తెలుసు. కోడలు మాత్రం ఆ గదిలోకి వెళ్ళేలోగా కిటికీ తెరుచుకోవాలి. ఆమె కోరిక అంతే.

కొడుకు తాపీ సంచి భుజాన వేసుకుని బయటికి వస్తుంటే కొంగు చాచి ఆపింది.

"ఒరేయ్, ఆ కిటికీకి ఇటుకలు పేర్చింది నువ్వే కదరా. ఒక్క ఇటుక లాగెయ్యి. పిల్లి దూరేంత సందు చాలు."

వాడు తల్లి మొహం చూడలేదు. "తడి సున్నం మీద దొర ముద్ర కొట్టించారమ్మా. దాని మీద గోరు పెడితే నా చేతులు తీసేస్తారు."

"అవున్లే. చేతులు లేకపోతే నా పాడె ఎలా మోస్తావ్!"

"పొద్దున్నే ఏం మాటలే అమ్మా అవి?" అని వాడు గబగబా వెళ్ళిపోయాడు. మలుపు దగ్గర ఒకసారి ఆగాడు. వెనక్కి మాత్రం రాలేదు.

కిటికీ ఎందుకు మూశారో చెప్పాలి. గురువుగారు చేసేదల్లా రాగిని మట్టిమూసలో కరిగించి, అందులో తెల్ల పాషాణం పొట్లాలు విసరడం. ఎలుకల మందుగా అంగట్లో దొరికే పాషాణమే. అది నిప్పు మీద పడగానే వెల్లుల్లి వాసన గుప్పుమంటుంది. ఒకనాడు బొగ్గులమ్మే ముసలావిడ ఆ కిటికీ కింద నిలబడి, "మీ గురువుగారు బంగారం చేస్తున్నాడా, వెల్లుల్లి వేయిస్తున్నాడా?" అని కేకేసింది. వీధంతా నవ్వింది. దొరకు నవ్వు రాలేదు. వాసన పట్టినవాడు గుట్టు పట్టేస్తాడు కదా! మర్నాడే ఇటుకలు వచ్చాయి.

ఒక మనిషి ఊపిరి పీల్చుకునే కంత, ఇంకొకడి రహస్యం కారిపోయే కంత అయింది. ఏది ఉంచాలో మీరు క్షణం కూడా ఆలోచించలేదు.

కొలిమిగదిలో గురువుగారు పొట్లాలు సర్దుతున్నాడు. కనుబొమలు కాలిపోయిన మొహం, నిద్రలేని కళ్ళు. ఆయన మెడ మీదా కత్తి ఉంది. ఇవాళ రాగి తెల్లబడకపోతే దొర ఊరుకోడు. అయినా ఆయనకు ముక్కుకు కట్టుకోవడానికి తడిగుడ్డ ఉంది, బయట నిలబడటానికి వరండా ఉంది.

"బాబూ, ఆ కిటికీ..."

"మళ్ళీ మొదలెట్టావా? వాసన పోతే గుట్టు పోతుంది. గుట్టు పోతే నా తల పోతుంది."

"నా కోడలు పోతే?"

"దానికేం, కుర్రది. తట్టుకుంటుంది."

"వచ్చిన కొత్తలో నేనూ కుర్రదాన్నే బాబూ."

గురువుగారి చేతిలో పొట్లం ఆగింది. తిత్తులమ్మ వదల్లేదు. "ఇవాళ రాగి తెల్లబడితే తెరిపిస్తారా? మంట కుంటకుండా చూసుకునే పూచీ నాది."

"తెల్లబడనీ," అన్నాడాయన, నేల చూస్తూ. "దొరతో నేనే చెప్తాను."

ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె తిత్తులెక్కింది. కాలికొకటి చొప్పున మేకతోలు సంచులు. ఒకటి తొక్కుతూ రెండోదాన్ని తాడుతో పైకి లాగాలి. కాళ్ళకు స్పర్శ లేదు గనక ఎప్పుడూ కిందికి చూస్తూ తొక్కుతుంది. కుడి. ఎడమ. కుడి. బొగ్గులు ఎర్రబడ్డాయి, తెల్లబడ్డాయి. మూసలో రాగి కదిలింది. గురువుగారు పొట్లాలు విసిరి, బయటికి ఉరికి, తలుపు బిగించాడు.

పొగ లేచింది. కళ్ళు మండి మూసుకుపోయాయి. పాదాలు కనబడలేదు. తొక్కుతోందో, నిలబడే ఉందో ఆమెకే తెలియలేదు. అప్పుడు చెవి ఒగ్గింది. బుస్సు. బుస్సు. తిత్తి పలికితే కాలు ఆడుతున్నట్టే. గొంతులోంచి పుల్లటి నీళ్ళు వచ్చాయి. మింగేసి తొక్కింది. కోడలి కడుపు కళ్ళ ముందు కదిలింది. ఆ బిడ్డ కోసం తొక్కింది. ఇంతకు ముందు ఏనాడూ ఆ కొలిమి అంత నిలకడగా మండలేదు.

పొగ తగ్గాక తలుపు తీశారు. గురువుగారితో పాటు దొర మనిషి కూడా లోపలికి వచ్చాడు. మూస వంచితే తెల్లగా మెరుస్తూ కారింది.

"వెండి!" దొర మనిషి గంతేశాడు.

"ఇక చాల్లే తిత్తులమ్మా, ఆపు," అన్నాడు గురువుగారు వెనక్కి తిరక్కుండా.

ఆమె ఎప్పుడో ఆపేసింది. మూసిన కిటికీ కింద గోడకు చేరగిలబడి ఉంది. తాళ్ళు పిడికిళ్ళలోనే ఉన్నాయి, ఊపిరే లేదు. గురువుగారు తిరిగి చూసి, ముక్కు మీది గుడ్డ తీసి, ఏదో అనబోయాడు. "కిటికీ తెరిపిస్తానని ఈమెకు..."

"ఇప్పుడా? మతి పోయిందా?" దొర మనిషి కరిచినంత పని చేశాడు. "ఇన్నాళ్ళూ దాచడానికి ఏముంది? ఇప్పుడు కదా దాచాల్సింది! తలుపు సందులు కూడా సున్నంతో పూడ్పించండి. దీని కొడుకు తాపీవాడే కదా, పిలవండి. రేపటికి కోడల్ని రమ్మనండి."

గురువుగారు తల వంచాడు. గుడ్డ మళ్ళీ ముక్కుకు కట్టుకున్నాడు.

ఇదీ జరిగింది. ఇప్పుడు ఏడవకండి, మీ ఏడుపు ఎవరికీ అక్కర్లేదు. పలుగులు పట్టుకురండి. బొగ్గులావిడా, నువ్వు ముందు నడువు. ఒరే కొడుకా, ఆ ఇటుకలు పేర్చిన చేతులతోనే మొదటి దెబ్బ నువ్వు వెయ్యి. ముద్రతో సహా ఆ గోడ కూల్చండి, పొద్దు పొడవక ముందే. లోపల రెండు తిత్తులున్నాయి. వాటి తోలు మీద ఆమె పాదాలు నొక్కుకుపోయిన రెండు గుంటలు ఇంకా వెచ్చగా, కోడలి పాదాల కొలతకు సరిగ్గా సరిపోయేలా, ఖాళీగా ఉన్నాయి.