ఒడిలో కమాను

జ్ఞానానందం తెనాలిలో మోటార్లు, పైపులు అమ్ముతాడు. సరుకు నలుగురి కంటా పడితేనే బేరం తెగుతుందని, అటక మీద దాచుకుంటే తుప్పు తప్ప ఏమీ మిగలదని ఆయన నమ్మకం. కూతురు ఫ్లోరెన్స్ వయొలిన్ విషయంలోనూ ఆయన లెక్క అదే. చర్చిలో పాటలకు వాయిస్తూ మొదలుపెట్టిన పిల్ల, కర్ణాటక సంగీతం నేర్చుకుని డిప్లొమా పుచ్చుకుంది. విన్నవాళ్ళంతా బాగుందనేవారే. సభల వాళ్ళు మాత్రం పిలవరు. ఎందుకు పిలవరో ఎవరూ చెప్పరు, ఈయనా అడగడు. గిరాకీ లేదని కొట్టులో కూర్చుని జనాన్ని తిట్టుకుంటే ఒరిగేదేమీ లేదు, మనమే నాలుగు గుమ్మాలు ఎక్కాలి అనుకునే మనిషి.

అలా ఎక్కిన గుమ్మం శివరామయ్యగారిది. రిటైరైన లెక్చరరు, సంగీత సభకు అధ్యక్షుడు. "ఒక్కసారి కూర్చోబెట్టి చూడండి సార్. నచ్చకపోతే మళ్ళీ మీ గడప తొక్కం" అని జ్ఞానానందం తిరగ్గా తిరగ్గా, ఆయన రేపల్లె కచేరీకి సరేనన్నాడు. పాడేది రాగసుధగారు. పక్కన వయొలిన్ ఫ్లోరెన్స్, మృదంగం వెంకట్.

ఆ రోజు జ్ఞానానందం ముందు వరుసలో, శివరామయ్యగారి పక్కనే కూర్చున్నాడు. ఆయనకు సంగీతం తెలియదు, పని తెలుసు. ఎవరెంత కష్టపడుతున్నారో చూస్తూ కూర్చున్నాడు. రాగసుధగారు రాగం తీసినంతసేపూ ఫ్లోరెన్స్ వెన్నంటి వాయించింది. రాగం ముగియబోతుంటే వయొలిన్ కమాను సర్దుకుని ఆవిడ వైపు చూసింది. ఆవిడ ఇటు తిరగకుండానే కీర్తన ఎత్తుకుంది. తర్వాతి రాగానికీ అంతే. చివరి పెద్ద రాగానికీ అంతే. ఆ పైన వెంకట్ ఒక్కడే చాలాసేపు మృదంగం వాయించి చెమటలు కక్కాడు. అంతసేపూ ఫ్లోరెన్స్ కమాను ఒడిలో పెట్టుకుని తాళం వేస్తూ కూర్చుంది. ఆఖర్న ముగ్గురికీ ఒకే రకం శాలువాలు కప్పారు.

తిరుగు రైల్లో జ్ఞానానందం ముఖం వెలిగిపోతోంది.

"మంచి బేరమే అమ్మా! ఆ మృదంగం అబ్బాయిని పిండేశారు పాపం. నీకు పని తక్కువ, శాలువా మాత్రం సేమ్."

ఫ్లోరెన్స్ కిటికీలోంచి చూస్తూ "ఊఁ" అంది.

"ఏంటమ్మా, నీరసంగా ఉందా?"

"చెయ్యి తిమ్మిరెక్కింది నాన్నా."

వాయించీ వాయించీ అనుకున్నాడాయన. ఇంటికి వెళ్ళగానే వేణ్ణీళ్ళు పెట్టించాడు. మర్నాడు శాలువాను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కొట్టులో తన కుర్చీ వెనక మేకుకు తగిలించాడు. వచ్చిన ప్రతి రైతూ అదేమిటని అడగాలి, ఈయన చెప్పాలి.

కొన్నాళ్ళకు శివరామయ్యగారే ఫోన్ చేశాడు. సభ తరఫున బాపట్లలో అప్పుడప్పుడు విదేశీ సినిమాలు వేస్తారు. "ఈసారిది మీ అమ్మాయి చూసి తీరాలండి, మీరూ రండి" అన్నాడు.

ఎప్పటిదో దొరల కాలం కథ. ఒక ప్రభువు భవంతిలో నల్లజాతి వయొలిన్ విద్వాంసుడు. మాటలు ఇంగ్లీషులో ఉండటంతో ఫ్లోరెన్స్ తండ్రి చెవిలో తెలుగు చేసి చెబుతోంది.

"చిన్నప్పుడు ఓడలో తెచ్చారంట నాన్నా. ప్రభువే చదివించాడంట."

"కోటు కూడా బాగానే కుట్టించాడే."

"భోజనాల టైముకి అది విప్పి ఇచ్చెయ్యాలంట."

భవంతిలో విందు. కొవ్వొత్తుల కింద వాయిద్యగాళ్ళంతా వరుసగా కూర్చున్నారు. ఒక్కొక్కరూ తమ వంతు విడిగా వాయిస్తున్నారు. అతని వంతు వచ్చింది. కమాను ఎత్తాడు. బృందం పెద్ద అతన్ని దాటేసి, అవతలి వాడికి చెయ్యి చూపించాడు. అతను కమాను దించి ఒడిలో పెట్టుకున్నాడు. ఎదురుగా ఒక దొరసాని ద్రాక్షపళ్ళు తింటోంది.

ఫ్లోరెన్స్ చెప్పడం ఆపేసింది. జ్ఞానానందానికి చెప్పనక్కర్లేకపోయింది. ఒడిలో ఆ కమానును ఆయన ఇంతకుముందు చూశాడు.

"అమ్మా, రేపల్లెలో రాగం అవగానే ఆవిడ వైపు చూశావే. అప్పుడు నువ్వొక్కదానివే వాయించాలా?"

"పాడేవాళ్ళు రాగం ముగించి వయొలిన్‌కి వదులుతారు నాన్నా. అది పద్ధతి."

"అందరికీ వదులుతారా?"

"అందరికీ."

"నీకు ఒక్కసారి కూడా..."

"సినిమా చూడు నాన్నా."

చూశాడు గాని ఏమీ ఎక్కలేదు. కోపం వస్తుందేమోనని కాసేపు కాచుకున్నాడు, రాలేదు. వాయించనివ్వకపోవడాన్ని పని తగ్గిన లాభం కింద జమ కట్టుకున్నాడు తను. పైగా ఆ పిల్లతోనే మంచి బేరమని అన్నాడు. ఆ మాట చెవిలో అలాగే ఉండిపోయింది.

లైట్లు వేశాక శివరామయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎంత ఘోరమండీ! అంత విద్య ఉన్నవాణ్ణి! ఏం మనుషులండీ వాళ్ళు!" అని ఫ్లోరెన్స్ వైపు తిరిగాడు. "నీకో మంచి కబురమ్మాయ్. తెనాలి ఉత్సవాల్లో నీకు కచేరీ. రాగసుధగారిదే. నువ్వయితే అడ్డం రావని ఆవిడే అడిగింది."

ఈ కబురు కోసమే జ్ఞానానందం ఇన్నాళ్ళూ తిరిగింది.

"రాగం అయ్యాక మా అమ్మాయికి వదులుతారా సార్?"

"ఓహో, మీరూ సంగీతంలో దిగిపోయారే!" శివరామయ్యగారు నవ్వాడు. "అది పాడేవాళ్ళ ఇష్టమండి. మనం వేలు పెట్టకూడదు."

"రేపల్లెలో వదల్లేదని మీకు అప్పుడే తెలుసా అండీ?"

కళ్ళజోడు తుడుస్తున్న శివరామయ్యగారి చెయ్యి ఆగింది. "కచేరీలన్నాక అవన్నీ ఉంటాయి లెండి. ముందు స్టేజీ అలవాటు పడనివ్వండి."

ఎప్పుడూ కూతురి తరఫున బేరం తనే తెంపే మనిషి, ఈసారి ఆమె వైపు తిరిగాడు. "నువ్వే చెప్పమ్మా."

"వదులుతానని ఆవిడ ముందే చెబితే వస్తానండి. లేకపోతే రానండి" అంది ఫ్లోరెన్స్, గొంతు పెంచకుండా.

"ఇలా షరతులు పెడితే ఎలాగమ్మా? వాయించేవాళ్ళు బోల్డుమంది ఉన్నారు."

"ఉన్నారండి. వాళ్ళకి వదులుతారు."

ఇద్దరూ తిరుగు రైలెక్కారు. చుండూరు దాటాక ఫ్లోరెన్స్ కుడిచేతి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ కనిపించింది. వేణ్ణీళ్ళు పెట్టిస్తాననబోయి జ్ఞానానందం ఊరుకున్నాడు.

మర్నాడు కొట్టు తెరిచి, మేకు మీది శాలువా తీసి బల్ల సొరుగులో పెట్టాడు. కొల్లిపర నుంచి వచ్చిన రైతు గోడకేసి చూసి, "శాలువా ఏదండీ?" అన్నాడు.

"తీసేశానండి. ఏ మోటారు కావాలి?"