నలభైకి దిగేదాకా

గొట్టానికి మూత బిగించి, అంచు చుట్టూ సబ్బునురగ పూసి, ఎక్కడా బుడగలు రాలేదని చూసుకుని, తుడిచేసి మళ్లీ పూశాడు టెక్నీషియన్. ఇరవై ఆరేళ్లలో ఏ మూతనూ అతను ఒక్కసారి చూసి నమ్మలేదు. ల్యాబులో అందరూ అతన్ని చాటుగా ‘ఆగండిగారు’ అంటారు. నోరు తెరిస్తే వచ్చే మొదటి మాట అదే మరి.

మూరెడు పొడవున్న ఆ ఉక్కు గొట్టం నిండా ఆవగింజలంత తెల్లటి పాలిమర్ పూసలు. వాటికి పట్టించిన, చేపల కంపు కొట్టే అమైన్ అనే రసాయనం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి ఉంచుతుంది. పూసలు నిండాక గాలి ఆపి, నైట్రోజన్ పంపుతూ కరెంటు పొయ్యిలో నూరు డిగ్రీలకు వేడిచేస్తే పట్టుకున్నదంతా వదిలేస్తాయి. చల్లారాక మళ్లీ మొదలు.

అంతా సవ్యంగానే సాగుతుంది, మనుషులు తొందరపడకపోతే. వేడి మీద గాలి తగిలితే పూసలు పచ్చబడి పాడైపోతాయి. నలభైకి దిగేదాకా గాలి వాల్వు తిప్పొద్దని అతను గోడ మీద రాశాడు, తలుపు మీద రాశాడు, వాల్వుకే చీటీ కట్టాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆ ఉదయం మూడో గొట్టం విప్పి పళ్లెంలో పోస్తే పూసలన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి.

“ఎవరమ్మా తిప్పింది?”

రిసెర్చి చేస్తున్న అమ్మాయి తల దించుకుంది. “డెబ్భైకి వచ్చిందిగా అని... రేపు సార్‌కి చూపించాలి బాబాయ్.”

“రెండు నెలల పనమ్మా! నూట ఇరవై సార్లు వేడిచేసి చల్లార్చాను. ఇంకో గంట ఆగితే నీ సొమ్మేం పోయింది?”

మాట పూర్తవకముందే ఆయాసం వచ్చింది. బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

“డాక్టర్‌కి చూపించుకోండి బాబాయ్.”

“ముందు నీ నాలుగో గొట్టం గట్టెక్కనీ.”

మిగిలింది అదొక్కటే. మధ్యాహ్నం దాన్ని వేడెక్కించాడు. భార్య ఫోన్ చేసింది.

“ఛాతీలో నొప్పి తగ్గిందా? ఇవాళైనా వెళ్తారా ఆసుపత్రికి?”

“రేపు వెళ్తాలే.”

“మీ రేపు ఎప్పుడొస్తుందండీ? మీ చొక్కాల చేపల కంపు వదిలించలేక నేను చస్తున్నా. మీకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు!”

“ఆగవే, పొయ్యి కట్టేయాలి,” అని ఫోన్ పెట్టేశాడు.

గాజుసామాను కడగడానికి చేరినవాడు అతను. చూసి చూసి పని నేర్చాడు. అతను వేడిచేసిన పూసల మీద ఎందరో వ్యాసాలు రాసుకున్నారు. వాటిలో తన పేరు లేనందుకు అతను బాధపడలేదు. ఒళ్లు మండించింది వేరే: గంటన్నరసేపు తను కాపలా కాసిన పనంతా వాటిలో ‘చల్లార్చి’ అన్న ఒక్క మాటతో తేలిపోయేది.

మూడింటికి పొయ్యి కట్టేసి, కుర్చీని వాల్వుకు అడ్డంగా లాక్కుని, దిండు సర్దుకుని కూర్చున్నాడు. ఇద్దరు ముగ్గురు తలుపుదాకా వచ్చి, అతన్ని చూసి, తిట్లకు జడిసి వెనక్కి పోయారు.

నాలుగున్నరకు ఆ అమ్మాయి వచ్చింది.

“ముప్పై ఎనిమిది బాబాయ్. ఇప్పుడు తిప్పొచ్చా?”

జవాబు లేదు. ఇంకా కోపం పోలేదనుకుంది. చేతులు కట్టుకుని కాసేపు నిలబడింది.

“తప్పయిపోయింది బాబాయ్. ఇకమీదట మీరు చెప్పేదాకా ముట్టుకోను.”

అప్పటికీ అతను తల తిప్పకపోతే, వంగి ముఖంలోకి చూసింది. భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత కేక పెట్టింది.

వారం తర్వాత అతని సామాను తీసుకెళ్లడానికి భార్య వచ్చింది. ఆ అమ్మాయి పళ్లెం తెచ్చి చూపించింది. “ఒక్కటి కూడా పచ్చబడలేదు పిన్నీ.”

ఆమె ఆ తెల్లటి పూసలను చాలాసేపు చూసింది. “వీటికోసమా?” అంది. తిట్టాలనిపించింది గానీ, తిట్టడానికి మనిషి లేడు.

వెళ్లబోతూ కుర్చీ దగ్గర ఆగింది. “ఈ దిండు ఉతుకుతాను, ఇంటికి తెండి తెండి అని పదేళ్లుగా మొత్తుకున్నా.” తీయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. పాత చీర మడిచి తను కుట్టిన దిండు అది. మాసి, అంచులు చిరిగి, అతను కూర్చున్నచోట గుంట పడి, కుర్చీలోనే ఉండిపోయింది.