ఫారంలోంచి తీసేసిన లైను

"నువ్వు చూసుకుంటావనుకున్నాను" అన్నాడు కర్ట్.

కారిన్ లెఫ్సే ఒత్తుతోంది. ఉడికించిన బంగాళాదుంపల ముద్దని కాగితమంత పల్చగా ఒత్తి, పెద్ద పెనం మీద కాల్చి, గుడ్డల్లో చుట్టి పెట్టడం క్రిస్మస్ ముందు ఆ ఇంటి ఆడవాళ్ల పని. ఆడవాళ్లంటే కారిన్ ఒక్కతే. అత్తగారు పోయి పన్నెండేళ్లు దాటినా ఒత్తే కర్ర ఆవిడదే, పెనం ఆవిడదే, ఎన్ని చెయ్యాలన్న లెక్కా ఆవిడదే. నూట ఇరవై. అందులో సగం కర్ట్ అప్పచెల్లెళ్లకి, పాతిక అతని కర్లింగ్ క్లబ్బుకి. క్లబ్బువాళ్లు తిని "కర్ట్ ఇంటి లెఫ్సే కర్ట్ ఇంటిదే" అంటారట. ఆ మాట అతను ప్రతి ఏడూ ఇంటికి మోసుకొచ్చి చెబుతాడు.

చూసుకుంటావనుకున్నది కూతురి కాలేజీ సంగతి. ముందు రోజు సాయంత్రం జవాబు వచ్చింది. సీటిచ్చామనీ లేదు, ఇవ్వమనీ లేదు. బ్రిట్టా దరఖాస్తుని వాయిదా వేశారట, మార్చిలో మిగిలిన వేలమందితో కలిపి మళ్లీ చూస్తారట. బ్రిట్టా అది ఒక్కసారి చదివి, కంప్యూటర్ మూసేసి, తాతకి సూప్ వేడి చెయ్యడానికి లేచి వెళ్లింది.

"ఏం చూసుకోవాల్సింది నేను?" అంది కారిన్ కర్ర ఆపకుండా.

"అదే, ఫారాలూ అవీ. అవన్నీ నాకేం తెలుసు? నేను చదివిన కాలేజీ, నా కూతుర్ని వాయిదా వేస్తుందా? ఎక్కడో ఏదో సరిగ్గా చేసుండవు."

ఒళ్లు మండిపోయింది కారిన్‌కి. అయినా నోరు మెదపలేదు, పెనం మీద రొట్టె మాడుతుందని. ఇరవై ఏళ్లుగా ఇదే వరస, ఆమెకి కోపం వచ్చిన ప్రతిసారీ పొయ్యి మీద ఏదో ఒకటి ఉంటుంది. చూసుకోవడం. ఆమె ఉద్యోగం కూడా అదే. పళ్ల డాక్టరు దగ్గర ముందు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకోవాలి. ఆ డాక్టరు వచ్చిన ప్రతివాళ్లకీ "కారిన్ మా అందరికీ అమ్మలాంటిది" అని పరిచయం చేసి, ఆ వంకన కాఫీ కప్పులన్నీ ఆమె చేతే కడిగిస్తాడు. అమ్మలాంటిది కాబట్టి జీతం పెంచమని అడగకూడదు కాబోలు. ఆమె సాయంత్రం ఆరున్నరకి గానీ ఇల్లు చేరదు. కర్ట్ ఇన్సూరెన్స్ ఆఫీసు మూడింటికే మూసేస్తాడు. మూసి క్లబ్బుకి వెళతాడు. మంచు మీద బండలు జారవిడిచి, వాటి ముందు చీపుర్లతో పరిగెడుతూ ఊడ్చే ఆట అది. అక్కడ గంటల తరబడి మంచు ఊడ్చే మనిషికి ఇంట్లో చీపురు ఏ మూల ఉంటుందో తెలీదు.

మరి మూడింటి నించి ఆరున్నర దాకా ఇంట్లో ఎవరు? కర్ట్ నాన్న ఆర్లో ఉంటాడు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయిన మనిషి. పదిహేనేళ్ల వయసులో బ్రిట్టా ఆయన బాధ్యత ఎత్తుకుంది. ఎత్తుకోమని ఎవరూ చెప్పలేదు, బడి వదిలాక ఇంట్లో ఉండేది అదొక్కతే కాబట్టి దాని మీద పడింది, అంతే. మాత్రలివ్వాలి, తినిపించాలి, బట్టలు మార్చాలి, చెయ్యి పట్టుకుని హాల్లో నాలుగు చుట్లు నడిపించాలి. రెండేళ్లు దాటింది.

అక్టోబరులో ఫారం నింపుతున్నప్పుడు, బడి బయట ఏం చేస్తావన్న చోట, మొదటి లైనులో బ్రిట్టా అదే రాసింది. తాతయ్యని చూసుకోవడం, వారానికి పద్దెనిమిది గంటలు. కర్ట్ భుజం మీంచి చూశాడు.

"అది తీసెయ్. మన ఇంటి కష్టాలు ఊరందరికీ చెప్పుకుంటామా? నర్సుని పెట్టుకోలేకపోయారనుకుంటారు. అయినా అదేమన్నా విద్యా, ముసలాయనకి ఇంత తిండి పెట్టడం? కర్లింగ్ రాయి."

కర్లింగ్‌కి బ్రిట్టా ఒక చలికాలంలో ఆరు శనివారాలు వెళ్లింది. డులూత్ లాంటి మంచు ఊళ్లో పుట్టిన ఏ పిల్లయినా వెళుతుంది. ఆ రోజు మౌస్ మాత్రం కర్ట్ చేతిలో లేదు, కారిన్ చేతిలో ఉంది. ఆ లైనుని చెరిపింది ఆమే.

పిండి చేతులతో నిలబడి ఇప్పుడది తలుచుకుంది. పన్నెండేళ్ల కిందట డాక్టరు దగ్గర ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆయన అడిగాడు, "మధ్యలో ఈ తొమ్మిదేళ్లూ ఏం చేశారు?" అని. బ్రిట్టాని పెంచడం, మంచాన పడ్డ అత్తగారి పుళ్లు కడగడం, ఆవిడ కోసం రెండో ఏడులో నర్సింగ్ చదువు మానెయ్యడం, అదీ ఆ తొమ్మిదేళ్లు. "ఏం లేదండీ, ఇంట్లోనే ఉన్నాను" అంది కారిన్. తన బతుకుని తన నోటితోనే చెరిపేసుకుంది. తర్వాత కూతురిది కూడా చెరిపింది.

సోమవారం మధ్యాహ్నం సెలవడిగి, బ్రిట్టాతో కలిసి బడిలో కౌన్సెలర్ ఒబర్గ్ గారి దగ్గరికి వెళ్లింది. అప్పటికే కర్ట్ కాలేజీకి రెండుసార్లు ఫోన్ చేశాడు, తన పై అధికారి చేత సిఫారసు ఉత్తరం కూడా రాయించాడు. ఆ మాట చెబితే ఒబర్గ్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంక ఫోన్లు చెయ్యొద్దని మీవారికి చెప్పండి. ఆ ఉత్తరం వల్ల ఫైలు లావెక్కుతుంది తప్ప ఈ పిల్ల గురించి వాళ్లకేం తెలుస్తుంది? ఇప్పుడు చెయ్యాల్సినవి మూడే. సీటిస్తే తప్పకుండా వస్తానని, నవంబరులో దరఖాస్తు పంపాక కొత్తగా ఏం జరిగిందో చెబుతూ పేజీకి మించకుండా ఉత్తరం. అది పిల్లే రాయాలి, మీరెవరూ చెయ్యి పెట్టకూడదు. రెండోది, తనని దగ్గర్నించి చూసినవాళ్లెవరైనా ఒక్క సిఫారసు. మూడోది, జనవరి పరీక్షల మార్కులు. కెమిస్ట్రీ ఎందుకు తగ్గింది బ్రిట్టా? బడి అయ్యాక ఏం చేస్తుంటావు?"

బ్రిట్టా తల్లి వైపు చూసింది. చెప్పనా వద్దా అని అనుమతి అడిగే చూపు అది. పదిహేడేళ్ల పిల్ల, తన బతుకు గురించి తను చెప్పడానికి అనుమతి అడుగుతోంది.

"వాళ్ల తాతని చూసుకుంటుంది" అంది కారిన్. "రోజూ మూడున్నర గంటలు. ఫారంలో రాసుకుంది కూడా. నేనే తీసేశాను."

ఒబర్గ్ గారు మెల్లిగా, "దానికి ఆ ఫారంలో విడిగా ఒక పేరే ఉందమ్మా, కుటుంబ బాధ్యతలు అని. వాళ్లే అడుగుతారు" అంది. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "ఈ పిల్లకి ముందుగా కావలసింది సిఫారసు కాదు, చదువుకోవడానికి మధ్యాహ్నాలు" అంది.

పిల్ల మొహమైనా చూడని కాలేజీవాళ్లు ఆ పనికి ఒక పేరు పెట్టి, చోటిచ్చి, రాయమని అడిగారు. ఆ పని రోజూ జరిగే ఇంట్లో మాత్రం దానికి పేరు లేదు. ఇద్దరూ కారెక్కారు.

"అమ్మా, నాకు కోపం వచ్చింది కాలేజీ మీద కాదు" అంది బ్రిట్టా.

"తెలుసు. మీ నాన్న మీద."

"నీ మీద. నాన్న అనడం నాకు కొత్తేం కాదు. నువ్వు చెరిపావు."

కారిన్ సర్ది చెప్పబోలేదు. "నిజమే" అని ఇంటిదాకా బండి నడిపింది. ఆ ఏడాది లెఫ్సే అరవై దగ్గర ఆగిపోయింది. క్లబ్బుకి ఏమివ్వాలని కర్ట్ అడిగితే, కర్రా పెనమూ అల్మారాలో ఉన్నాయని చెప్పింది. అతను జోకనుకుని నవ్వాడు.

క్రిస్మస్ వెళ్లిపోయింది. వారానికోసారి, మంగళవారాలు, ఆసుపత్రి తరఫున ఆర్లోని చూడ్డానికి వచ్చే నర్సు, అడగ్గానే సిఫారసు రాసిచ్చింది. రెండేళ్లుగా ఆమె కళ్లారా చూసిన పిల్ల. జనవరి అయిదు ఆదివారం మధ్యాహ్నం, బడి తెరవడానికి ముందు రోజు, బ్రిట్టా ఉత్తరం రాయడం ముగించి కాగితం వంటింటి బల్ల మీద పెట్టింది. కారిన్ దాన్ని చదివింది, ఒక్క అక్షరం ముట్టుకోలేదు. కర్ట్ క్లబ్బుకి వెళ్లడానికి బూట్లు తొడుక్కుంటూ, "ఏదీ, చూడనీ" అని అందుకున్నాడు. సగం దాకా వచ్చేసరికి కనుబొమలు ముడిపడ్డాయి. పైకి చదివాడు.

"'రెండేళ్లకి పైగా రోజూ మధ్యాహ్నం మా తాతయ్యని చూసుకున్నాను. నవంబరులో పంపిన దరఖాస్తులో ఈ సంగతి రాయలేదు, రాయాల్సింది. జనవరి ఆరు నించి ఆ పని మా నాన్న చేస్తున్నారు. నేను కెమిస్ట్రీ చదువుకుంటున్నాను.'" కాగితం కిందికి దించాడు. "ఇదేంటి? ఇది అబద్ధం. నేనెక్కడ చేస్తున్నాను? కాలేజీకి అబద్ధాలు రాస్తారా?"

"ఆరో తారీకు రేపే" అంది కారిన్. "అది అబద్ధమవుతుందో నిజమవుతుందో నీ చేతుల్లో ఉంది. వేరే మాట రాయమని నేను చెప్పను. చెరపను కూడా."

"మరి నా క్లబ్బు?"

బ్రిట్టా కెమిస్ట్రీ పుస్తకం తీసుకుని తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. హాల్లో కుర్చీలోంచి ఆర్లో గొంతు ముద్దముద్దగా వినిపించింది. "మూడున్నరకి. తెల్లమాత్ర ముందు. నీళ్లు చల్లగా వద్దు."

కర్ట్ తండ్రి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. "నాకివన్నీ ఏం తెలుసు కారిన్? ఏది ఎప్పుడివ్వాలో, ఎట్లా లేపాలో..."

కారిన్ గోడకి ఆనించి ఉన్న అతని ఆట చీపురుని తీసి గరాజులో పెట్టి వచ్చింది. మాత్రల డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నువ్వు చూసుకుంటావనుకున్నాను" అంది.