సున్నా పట్టని గడి

బహుమతి వస్తుందని ఎదురుచూస్తే, షెడ్డుకి తాళం వేస్తామని కాగితం వచ్చింది.

అద్దకం షెడ్డు గుమ్మంలోనే దాన్ని చదివిన బావగారు పక్కనున్న నూలు మూట మీద కూలబడ్డారు. తప్పు తనదేనని ఆయన మొహమే చెబుతోంది. పర్యావరణానికి మేలు చేసే చిన్న వ్యాపారాలకు సర్కారు బహుమతి ఇస్తుందని పేపర్లో చూసి, నెల క్రితం ఎవరి చెవినా వేయకుండా దరఖాస్తు పెట్టారు. శుభ్రం చేసిన నీళ్లు రోజుకి ఎన్ని లీటర్లు బయటికి వదులుతున్నారు అని అడిగినచోట ముచ్చటగా ఒక సున్నా చుట్టారు. మా షెడ్డు నుంచి చుక్క నీరు కూడా కాలవలోకి పోదని కింద ఒక వాక్యం తగిలించారు.

కాలుష్యం ఆఫీసు వాళ్ల కంటికి ఆ వాక్యం ఆనలేదు. సున్నా ఆనింది. నీళ్లు బయటికి రావడం లేదంటే శుద్ధి తొట్లు ఆపేసినట్టేనట. పదిహేను రోజుల్లో, నీళ్లు బయటికి పోయే గొట్టానికున్న మీటరు తిరగకపోతే షెడ్డుకి సీలు వేస్తారట.

కాగితం మీద సంతకాలు బావగారివి గానీ షెడ్డు నడిపేది ఆయన తమ్ముడి భార్య. మోచేతుల దాకా రంగు ఇంకిపోయి ఉంటుందని వీధంతా ఆమెను నీలిచేతులావిడ అంటారు. ఆమె కాగితం రెండుసార్లు చదివి, మడిచి, బొడ్లో దోపుకుని మళ్లీ తొట్టి దగ్గరికి వెళ్లింది. ఆ రోజు చుట్టలుగా కట్టిన నూలు చిలపలను ఎప్పటికంటే గట్టిగా పిండింది.

నీళ్లు పారబోయకపోవడం ఆ ఇంట్లో అత్తగారి కాలం నుంచీ ఉన్న అలవాటు. పసుపు చిలపలు జాడించిన నీళ్లు నారింజకి పనికొస్తాయి, నారింజవి ఎరుపుకి, ఎరుపువి నలుపుకి. చివర మిగిలిన చిక్కటి నీళ్లు బొగ్గు, ఇసుక తొట్లలో దిగి, తేటపడి మళ్లీ పసుపు దగ్గరికే వస్తాయి. అడుగున మిగిలిన మడ్డిని ఎండబెడతారు. ఎవరైనా అరచెంబు నీళ్లు నేల మీద ఒలకబోస్తే అత్తగారు ఆ పూటంతా మాట్లాడేది కాదు. ఆవిడ తిట్టినా బాగుండునని పనివాళ్లు అనుకునేవాళ్లు.

నీలిచేతులావిడకి ఒళ్లు మండింది వేరే సంగతికి. ఆ మీటరు రూలు కావాలని అడిగినవాళ్లలో తనూ ఉంది. వీధి చివర పెద్ద మిల్లు వాళ్లు శుద్ధి యంత్రాన్ని పేరుకి మాత్రం పెట్టి, కాలవలోకి ఎర్రనీళ్లు వదిలినప్పుడు, యంత్రం నడుస్తోందో లేదో తెలియడానికి మీటరు పెట్టించమని అర్జీ మీద సంతకం చేసింది. మీటర్లు వచ్చాయి. మిల్లు వాళ్లు బోరు నీళ్లు తెచ్చి మీటరు గుండా తిప్పారు. ఎర్రనీళ్లు వెనక గోడ కిందనుంచి ఎప్పటిలాగే పోతున్నాయి. ముందుగేటుకి మాత్రం పర్యావరణానికి మేలు చేస్తున్నారని సర్కారు ఇచ్చిన ఆకుపచ్చ బోర్డు, దాని చుట్టూ పూలకుండీలు.

మర్నాడు ఆమె ఆఫీసుకి వెళ్లింది. ఆఫీసరు కుర్రాడే, మాట మెత్తన. కూర్చోబెట్టి అంతా విన్నాడు. మీరు చేస్తున్నదే సరైన పనమ్మా అన్నాడు. ఆ ముక్కే కాగితం మీద రాసివ్వమంది. అతను కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పి, లీటర్ల గడిలో సున్నా కొట్టి చూపించాడు. గడి ఎర్రబడింది. పేజీ ముందుకి కదల్లేదు.

"చూశారా అమ్మా, ఇది సున్నా తీసుకోదు. రెండు వేలకి తక్కువ ఏది కొట్టినా తీసుకోదు," అని గొంతు తగ్గించాడు. "రోజూ పదకొండింటికి ఓ గంట బోరు కుళాయి తిప్పండి. అందరూ చేసేదే."

అయితే ఆ నీళ్లు వీధిలోవాళ్లు పట్టుకోవచ్చా అని అడిగింది. కుదరదట. మీటరు దాటిన గొట్టం నేరుగా కాలవలోనే దిగాలట, మధ్యలో మళ్లిస్తే అదో కేసట. ఆ వీధికి కుళాయి నీళ్లు రెండు రోజులకోసారి వస్తాయి. ఆమె కుర్చీలోంచి లేచి, నమస్కారం కూడా పెట్టకుండా వచ్చేసింది.

తిప్పనని పంతం పట్టొచ్చు. కానీ షెడ్డులో పదకొండు మంది ఆడవాళ్లున్నారు. మిల్లు వాళ్లు మొగవాళ్లనే పనిలో పెట్టుకుంటారు, ఈ షెడ్డు మూతపడితే వీళ్లు ఎక్కడికి పోవాలి? జాడింపు తొట్టి దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న, అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ అదే మాట పైకి అంది. "నీ కోపం నువ్వు తింటావే అమ్మాయ్, మేమేం తినాలి?"

పదిహేనో రోజు పదకొండింటికి నీలిచేతులావిడ బోరు గొట్టాన్ని మీటరుకి తగిలించి కుళాయి తిప్పింది. ముల్లు కదిలింది. తాగే నీళ్లు కాలవలో పడి, మిల్లు ఎర్రనీళ్లలో కలిసి పోయాయి. పిన్ని మొహం తిప్పుకుంది. అమ్మ బతికి లేదు కాబట్టి సరిపోయిందని బావగారు గొణిగారు.

గంట కాగానే కుళాయి కట్టేసి, ఆమె కుంచె తీసుకుని వీధిలోకి వచ్చింది. గొట్టం పైన తెల్లగోడ మీద, చిక్కటి నీలంతో, బారెడు అక్షరాలతో రాసింది: "సర్కారు రూలు ప్రకారం ఈ రోజు పారబోసిన మంచినీళ్లు రెండు వేల లీటర్లు." మర్నాడు దాని కింద ఇంకో వరుస. ఆ మర్నాడు ఇంకోటి.

ఖాళీ బిందెలతో పోయే ఆడవాళ్లు ఆగి చదవడం మొదలుపెట్టారు. చదువు రానివాళ్లకి పిన్ని చదివి చెప్పింది, ఆమెకూ చదువు రాదు గానీ పాఠం నోటికొచ్చేసింది. ఎవరో ఫోటోలు తీశారు. పదకొండింటికల్లా మనుషులు చేరి, నీళ్లు పోతుంటే చూస్తూ నిలబడేవాళ్లు.

తొమ్మిది వరుసలయ్యాక ఆఫీసరు వచ్చాడు. చంకలో, మిల్లు గేటుకున్నలాంటిదే ఆకుపచ్చ బోర్డు. బావగారు ఎదురెళ్లి రెండు చేతులా అందుకోబోయారు. అతను బోర్డు ఇవ్వకుండా ముందు గోడ చెరిపించమన్నాడు. ఫోటోలు పైవాళ్ల దాకా వెళ్లాయట, తనని నిలదీస్తున్నారట.

"అంకె తప్పా సార్?" అంది ఆమె.

అంకె తప్పు కాదన్నాడు.

"మీ మీటరులో ఉన్నదే. అందులో చిన్నగా ఉంది, ఇక్కడ పెద్దగా రాశాను."

బావగారు గబగబా తడిగుడ్డ తెచ్చి మొదటి వరుస రుద్దారు. గుడ్డకి కాస్త నీలం అంటింది, గోడ మీది అక్షరం అలాగే ఉంది. ఆయన ఇంకా గట్టిగా రుద్దారు. గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు.

"వదిలేయండి బావగారూ," అంది. "మీ అమ్మగారు నేర్పిన రంగు. అంత తేలిగ్గా పోదు." ఆఫీసరు వైపు తిరిగింది. "ఆ గడిలో సున్నా పట్టేలా చేసుకుని రండి. ఈ గోడకి సున్నం నేనే కొడతాను. బోర్డు అప్పుడే తీసుకుంటాను."

అది నా చేతుల్లో లేదమ్మా అన్నాడు అతను.

"చేతుల్లో ఉన్నవాళ్లకి చూపించండి మరి. మీరూ ఓ ఫోటో తీసుకోండి."

పదకొండయింది. ఆమె లోపలికి వెళ్లి కుళాయి తిప్పింది. చంకలో బోర్డుతో ఆఫీసరు, ఖాళీ బిందెలతో ఆడవాళ్లు, అందరూ ఒకేచోట నిలబడి ఉన్నారు. నీళ్లు తేటగా, చప్పుడు చేస్తూ కాలవలోకి దిగుతున్నాయి. గంట తర్వాత ఆమె కుంచె నీలంలో ముంచుకుని వచ్చి, పదో వరుస రాయడానికి కాస్త పక్కకి జరగమని అతన్ని అడిగింది.