రెండు వాటాల వైసు

నేను ఒక బెంచి వైసును. వర్క్‌షాపులో బల్ల అంచున నాలుగు బోల్టులతో కూర్చుని, ఆకురాయి పెట్టాల్సిన ఇనుమునో రంపంతో కోయాల్సిన ఇనుమునో రెండు దవడల మధ్య కరిచి పట్టుకోవడం నా పని. ఒకసారి నోరు మూశానంటే, ఎవరైనా వచ్చి పిడి తిప్పేదాకా తెరవను. మనుషుల్లో నాకింత గిరాకీ ఉండటానికి ఈ ఒక్క గుణమే కారణమని నా అభిప్రాయం.

నన్ను పోత పోసింది ఏ దేశంలోనో నాకు తెలియదు. ఒంటి మీద ఏదో పేరు ఉండేది గాని, చేతులు రాసుకుని రాసుకుని అది అరిగిపోయింది. ఓడలో వచ్చాను, ఆ తర్వాత కాలవ పడవలో ప్రయాణం చేశాను, లాకుల తలుపులు బాగుచేసే షెడ్డులో ముప్పై ఏళ్ళు పని చేశాను. ఆ షెడ్డు మూసేసిన రోజున నన్ను పాత ఇనుము కింద వేలం వేస్తే, రేపల్లె నుంచి వచ్చిన కొమ్మోజు బ్రహ్మానందాచారి పాడుకున్నాడు. పాట పాడే ముందు అతను సుత్తితో నా భుజం మీద ఒక్కసారి తట్టి, చెవి ఆనించి, ఆ మోత పూర్తిగా ఆగేదాకా విన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నేను అతనికి ఏదో చెబుతున్నాననుకుని కాసేపు మాటలు ఆపారు.

బ్రహ్మానందాచారి దగ్గర నాకు లోటు జరగలేదు. అతనికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు వీరభద్రాచారి గేట్లు, కిటికీ చువ్వలు చేసేవాడు. చిన్నవాడు కాళహస్తాచారి పంపుసెట్లు బాగుచేసేవాడు. తండ్రి ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ ఒకే బల్ల మీద పని చేసుకున్నారు. తండ్రి పోయిన నెలకే గొడవ మొదలైంది. పని అయ్యాక నా పిడిని నిలువుగా వదలాలని పెద్దవాడు, అడ్డంగా వదలాలని చిన్నవాడు. పొద్దున ఒకరు నిలబెడితే మధ్యాహ్నం ఇంకొకరు పడుకోబెట్టేవారు. ఆరు నెలలు తిరిగేసరికి అది వేరు పడటం దాకా వచ్చింది.

పంపకానికి కులపెద్దలు వచ్చారు. ఇంటిని, షెడ్డును సమానంగా కొలిచి సుద్దతాడు కొట్టారు. ఆ గీత వీధి గుమ్మం దగ్గర బయలుదేరి, వసారా దాటి, పనిబల్ల ఎక్కి, సరిగ్గా నా రెండు దవడల మధ్య నుంచి దిగిపోయింది. నన్ను అమ్మి చెరి సగం తీసుకోమన్నారు పెద్దలు. ఇద్దరూ ఒప్పుకోలేదు. ఒకరు ఉంచుకుని రెండోవాళ్ళకు బదులుగా మరేదైనా ఇమ్మన్నారు. దానికీ ఒప్పుకోలేదు. గీత ఎట్లా పడితే అట్లానే జరగాలని అన్నదమ్ములిద్దరూ పట్టుబట్టారు. తండ్రి పోయాక వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే.

అప్పుడు పెద్దల్లో ఒకాయన పిడిని వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పుతూనే ఉన్నాడు. పొడుగాటి మర పూర్తిగా ఊడి, కదిలే దవడ బల్ల సొరుగులాగా అతని ఒళ్ళోకి జారింది. బల్లకు బిగించి ఉన్న కదలని దవడ పెద్దవాడి వైపు మిగిలింది. మరతో, పిడితో సహా కదిలే దవడ చిన్నవాడి వాటాకు వెళ్ళింది. న్యాయం ఇంత శుభ్రంగా జరగడం తానెన్నడూ చూడలేదని ఆ పెద్దమనిషి మురిసిపోయాడు. వారం రోజుల్లో గీత మీద గోడ లేచింది.

ఆ రోజు నుంచి నేను గోడకు అటూ ఉన్నాను, ఇటూ ఉన్నాను. ఇందులో అసలు నేను ఏ ముక్కలో ఉన్నానని అడిగితే జవాబు చెప్పలేను. ఒక చెవి ఆ ఇంట్లో, ఒక చెవి ఈ ఇంట్లో ఉన్నట్టుండేది, అంతే. రెండు వైపుల మాటా చెప్పగలుగుతున్నది అందుకే.

అట్లా పదహారేళ్ళు గడిచాయి. సగం వైసు ఏ పనికీ రాదన్న సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ కొత్త వైసు కొంటే తన వాటాకు వచ్చింది పనికిరానిదని ఒప్పుకున్నట్టవుతుంది. కాబట్టి ఇద్దరూ కొనలేదు. వీరభద్రాచారి చువ్వల్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కోసేవాడు. అతని పంచెలన్నీ మోకాళ్ళ దగ్గర చిరిగి ఉండేవి. కాళహస్తాచారి తన భార్య మాణిక్యాంబ చేత పట్టకారుతో పట్టించి ఆకురాయి పెట్టేవాడు. ఆమె కూర పొయ్యి మీద పెట్టి వచ్చి, అది మాడేదాకా పట్టుకుని నిలబడేది. ఏ కొత్త మనిషి వచ్చినా అన్న గోడకు వినపడేట్టు తన వైసు ఉండబట్టి పని తేలిగ్గా అయిపోతున్నదని చెప్పేవాడు. అది విని తమ్ముడు తన ముక్కకున్న పిడిని అటూ ఇటూ జార్చి టంగుమనిపించేవాడు. ఇద్దరూ వారానికోసారి నాకు నూనె రాసేవారు. అంత పని చేయకుండా అంత మర్యాద పొందిన పనిముట్టు మరొకటి ఉండదు.

ఒక వేసవిలో నిజాంపట్నం హార్బరు నుంచి కొక్కిలిగడ్డ నాంచారమ్మ వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. తండ్రి దగ్గర నేర్చుకున్న పనితో హార్బరు పక్కన బోటు ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెట్టుకుంది. ఆమె భర్త సముద్రాలు ఒక వేట బోటుకు డ్రైవరు. కిందటి ఏడు ఆ బోటు నడిసముద్రంలో ఆగిపోయింది. ఇంజన్ని, పంకా షాఫ్టును కలిపే కప్లింగు జారకుండా మధ్యలో దిగేసే ఇనుప ముక్కను కీ అంటారు. ఎవరో హడావిడిగా చేసిన కీ అరిగి ఊడిపోయింది. మూడు రోజులు బోటు గాలి ఎటు తోస్తే అటు పోయింది. చేపల కోసం పెట్టుకున్న ఐసు కరిగితే ఆ నీళ్ళు తాగి బతికారు. ఏటా వేసవిలో వేట నిషేధం ఉండే రెండు నెలల్లోపే ఆ కీని ఈసారి తన చేత్తో చేసి బిగించాలని నాంచారమ్మ నిశ్చయించుకుంది.

దానికి గట్టి వైసు కావాలి. కొత్తవి కొంటే, బరువైన కప్లింగును పట్టించి రెండు దెబ్బలు వేయగానే దవడ పగిలిపోయేది. అట్లా మూడు విరిచింది. తెనాలిలో, గుంటూరులో పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగింది. చివరికి ఒక దుకాణం మనిషి రేపల్లె ఆచారుల వైసు సంగతి చెప్పాడు గాని, గోడ సంగతి చెప్పలేదు.

వీరభద్రాచారి ఆమెను లోపలికి పిలిచి, నా మీది గుడ్డ తీసి చూపించాడు.

ఆమె నా చుట్టూ తిరిగి చూసి, "మిగతాది ఏదండీ?" అంది.

"మిగతాది ఏంది? వైసంటే ఇదే."

"మరి ముక్కను పట్టేది ఎట్టాగండీ?"

"దీనికి ఆనించుకోవటమే. పట్టుకోవటమంటావా, అది మన ఒడుపులో ఉండాల."

ఆమె నవ్వలేదు. అతని మోకాళ్ళ వైపు ఒకసారి చూసి, మిగతా సగం ఎక్కడుందో నెమ్మదిగా రాబట్టింది. అతను తన సగాన్ని ఇవ్వడానికి అభ్యంతరం లేదన్నాడు. అయితే గోడవతలి ముక్కతో దాన్ని కలపనని మాట ఇవ్వాలన్నాడు. ఆమె మాట ఇవ్వలేదు. వీధి చుట్టూ తిరిగి రెండో గుమ్మానికి వచ్చింది. కాళహస్తాచారి కూడా తన ముక్కే అసలైన వైసని, మర ఉన్నదీ పిడి ఉన్నదీ దీనికేనని చెప్పి, సరిగ్గా అదే షరతు పెట్టాడు. ఆమె వట్టి చేతులతో బస్సెక్కింది.

నిషేధం ముగియడానికి ఇంకా ఎనిమిది రోజులే ఉండగా మళ్ళీ వచ్చింది. ఈలోపు నాలుగో వైసు కూడా విరిగింది. పోయిన ఏడు కీ చేసినవాడి దగ్గరికే కప్లింగును తీసుకుపోదామని బోటు యజమాని తొందర పెడుతున్నాడు. సముద్రాలు మాత్రం ఏమీ అనకుండా రోజూ షెడ్డు ముందు కూర్చుని వలలు కుట్టుకుంటున్నాడట. అతను ఏమీ అనకపోవడమే ఆమెను నిద్రపోనివ్వడం లేదని వీధి గుమ్మంలో నిలబడ్డ మాణిక్యాంబతో చెప్పుకుంది.

ముందు అన్న దగ్గరికి వెళ్ళి, కలపవద్దని ఎందుకంటున్నారని అడిగింది.

"వాడి ముక్కకు నాది లొంగినట్టయిద్ది గదా," అన్నాడు వీరభద్రాచారి.

నాంచారమ్మ నన్ను బల్లకు పట్టిన బోల్టుల మీద చెయ్యి పెట్టింది. "ఆచారిగారూ, మీదాన్ని నేను బల్లకు బోల్టులేసి బిగిస్తా. ఉన్నచోటు నుంచి వెంట్రుకంత కూడా కదలదు. పిడి తిప్పినప్పుడల్లా కదిలేది ఆయనదే. జరుక్కుంటా జరుక్కుంటా మీదాని దగ్గరికి రావాల్సిందే."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"నాది ఎదురుపోయే పని లేదు?"

"పోదామన్నా పోలేదండీ."

వీరభద్రాచారి మొహం తుడుచుకుని, గోడ వైపు చూసి, తీసుకుపొమ్మన్నాడు.

ఆమె వీధి చుట్టూ తిరిగి తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. "నొక్కేది మీదేనండీ," అంది. "ఆయనదాన్ని కదలకుండా బోల్టులేసి కట్టేస్తా. మీది ఎంత నొక్కితే అంతా ఓర్చుకోవాల."

"తిరిగి నొక్కలేదు గదా?"

"నొక్కటానికి దానికి మర ఉంటేగా?"

కాళహస్తాచారి ముఖం విప్పారింది. పదహారేళ్ళుగా తను చెబుతున్నది అదేనన్నాడు.

ఆమె ఎవరితోనూ అబద్ధం ఆడలేదు. ఇద్దరికీ చెప్పింది నా గురించే. నా నిర్మాణంలో ఇంత మర్మం ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

రవాణా దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. తన ముక్కతో పాటు ఒకే ఆటోలో రెండోది ఎక్కకూడదని ఇద్దరూ అన్నారు. రెండు ఆటోలు పిలిచింది. తన ముక్క వెనకాల రావడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు. పైగా ఎవరి ముక్కతో వాళ్ళు వస్తామన్నారు. అందుకని రేపల్లె నుంచి నిజాంపట్నం దాకా రెండు ఆటోలూ రోడ్డు నిండా పక్కపక్కనే, మనిషి నడకకు కాస్త ఎక్కువ వేగంతో వెళ్ళాయి. వెనక రెండు బస్సులు, ఒక రొయ్యల వ్యాను హారన్లు కొట్టుకుంటూ వచ్చాయి. దారిలో జనం మా ఊరేగింపు చూసి, పెళ్ళికొడుకు ఏ ఆటోలో ఉన్నాడని అడిగారు. అన్నదమ్ములిద్దరూ ముందుకు చూస్తూ కూర్చున్నారు.

షెడ్డులో నా కదలని దవడను కొత్త బల్లకు బిగించారు. కదిలే దవడను నాంచారమ్మ ఎత్తి దూర్చబోయింది గాని, ఒక్కతే దాన్ని సమంగా పట్టుకుని మరను కదలని దవడలో ఉండే నట్టులోకి ఎక్కించడం సాధ్యం కాలేదు. సముద్రాలు సాయం పట్టబోతే, తన ముక్కను పరాయివాళ్ళు ముట్టుకోవద్దని కాళహస్తాచారే లేచి రెండు చేతులా ఎత్తుకున్నాడు. అది చూసి వీరభద్రాచారి లేచి తన సగం పక్కన నిలబడ్డాడు. మర కొస నట్టుకు తగిలి జారింది. మళ్ళీ తగిలింది, మళ్ళీ జారింది.

"కాస్త పైకెత్తమని చెప్పమ్మా," అన్నాడు వీరభద్రాచారి నాంచారమ్మతో.

"ఎత్తానని చెప్పమ్మా."

"మరీ అంత గాదు. నూలుపోగంత దించమను."

"ఏ వైపు దించాలో చెప్పమను."

"నాన్న పట్టుకున్నట్టు పట్టుకోమను. మోచెయ్యి కింద పెట్టి."

తమ్ముడు మోచెయ్యి దవడ కిందికి జరిపాడు. ఇద్దరికీ మధ్యలో నిలబడిన నాంచారమ్మ ఒక్క మాట కూడా అందించాల్సిన అవసరం లేకుండానే పిడి తిప్పింది. మర నట్టును అందుకుంది. పదహారేళ్ళ తర్వాత నా రెండు చెవులూ ఒకే చప్పుడును ఒకే చోట విన్నాయి.

దవడలు కలిసేదాకా తిప్పింది. తనది కదలలేదని అన్న వంగి చూసుకున్నాడు. తనదే నొక్కుతున్నదని తమ్ముడు వంగి చూసుకున్నాడు. ఇద్దరూ గెలిచి వేరు వేరు బస్సుల్లో ఇళ్ళకు పోయారు.

ఆ తర్వాత నాలుగు రోజులు నాంచారమ్మ నన్ను వదల్లేదు. ఒంటి బరువంతా పిడి మీద వేసి కప్లింగును పట్టించి, గాడి శుభ్రం చేసింది. కీ కోసం ఉక్కు ముక్కను కోసి ఆకురాయి పెట్టి, గాడిలో పెట్టి చూసి, తీసి, మళ్ళీ పెట్టింది. గాడికీ కీకీ మధ్య సిగరెట్టు కాగితం కూడా దూరకూడదని ఆమె పట్టుదల. సముద్రాలు దీపం పట్టుకునేవాడు. సుత్తి దెబ్బలకు బల్ల అదిరింది గాని నేను పట్టు సడలించలేదు. ఆమె భయమంతా ఆ పిడిలోంచి నాకు తెలుస్తూనే ఉంది.

నిషేధం ముగిసిన మర్నాడు తెల్లవారుజామున బోట్లన్నీ వేటకు బయలుదేరాయి. పదకొండు రోజులు ఆమె ఎవరి ఇంజను విప్పినా సగంలో ఆగి, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు చూసేది. పన్నెండో రోజు సముద్రాలు ఉప్పు కట్టిన కాళ్ళతో షెడ్డులోకి వచ్చాడు. "కీ కదల్లేదు," అన్నాడు. ఆమె తల ఊపి, ముందున్న ఇంజను మీది నట్టును మళ్ళీ బిగించడం మొదలుపెట్టింది. అది అప్పటికే బిగించిన నట్టు.

అన్నదమ్ములు కలిసిపోయారని మీరు అనుకుంటే నేనేం చేయలేను. గోడ అట్లాగే ఉంది. కాకపోతే తన ముక్క పరువు ఎట్లా ఉందో చూసుకోవడానికి ఇద్దరూ వారానికోసారి రావడం మొదలుపెట్టారు. ఇద్దరికీ సోమవారమే కుదిరింది. నా ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు స్టూలు వేసుకుని, ఏదైనా చెప్పాలంటే నాంచారమ్మకు చెప్పేవారు.

ఒక సోమవారం ఆమె పని మీద బోటెక్కి వెళ్ళింది. షెడ్డులో మేం ముగ్గురమే మిగిలాం. ఎండ మండిపోతోంది. వీరభద్రాచారి చాలాసేపు గుటకలు మింగాడు. గుమ్మం వైపు చూశాడు. ఎవరూ రాలేదు. చివరికి నా వైపు తిరిగాడు.

"మంచినీళ్ళ కుండ ఎక్కడుందో అడుగు," అన్నాడు నాతో.

కాళహస్తాచారి కూడా నా వంకే చూస్తూ, "తలుపెనకాల ఉందని చెప్పు," అన్నాడు. కాసేపాగి, "గ్లాసు కడుక్కోమను, దాన్నిండా ఇసకే," అన్నాడు.

అన్న లేచి గ్లాసు కడిగి నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు ముంచుకొచ్చి, నా రెండు దవడలూ కలిసే చోట పెట్టాడు.

"తాగమను," అన్నాడు.

నాకు నాలుక లేదు. ఉన్నవి రెండు దవడలే. అయినా ఆ మధ్యాహ్నం నాలుగు మాటలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మోశాను. ఒక్కటీ జారనివ్వలేదు.